సముద్రపు నీటిలో ట్రేస్ లోహాలు కొలవడం: సీసా కడగడం నుంచి ఐసీపీ-ఎంఎస్ దాకా

కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అందులో సోడియం ఒక్కటే 10.8 గ్రాములు. నడిసముద్రపు పైపొరలో కరిగి ఉన్న ఇనుము లీటరుకు 0.1 నానోమోల్ అనుకుంటే బరువులో 5.6 నానోగ్రాములు. అంటే సోడియం ఇనుము కంటే దాదాపు రెండు వందల కోట్ల రెట్లు ఎక్కువ. ఈ నీటిని నేరుగా ఐసీపీ-ఎంఎస్‌లోకి (నమూనాను వేడి ప్లాస్మాలో అయాన్లుగా మార్చి, ద్రవ్యరాశిని బట్టి లెక్కపెట్టే పరికరం) పంపితే, అయాన్లు లోపలికి వెళ్లే సన్నని రంధ్రాల కోన్‌ల మీద ఉప్పు పేరుకుంటుంది, సిగ్నల్ కూలుతుంది, ఇనుము మాత్రం కనపడదు.

ఉప్పు సమస్యకు రెజిన్ ఉంది: లోహాలను పట్టుకుని ఉప్పును వదిలేసే గింజలు, వాటిని నింపిన గొట్టమే కాలమ్. అసలు కష్టం బయటి నుంచి చొరబడే లోహంతోనే. కాలమ్ మీదకు 40 మిల్లీలీటర్ల నీరు ఎక్కిస్తే అందులో ఉన్న ఇనుము మొత్తం 0.22 నానోగ్రాములు. అడ్డంగా 20 మైక్రోమీటర్లు ఉన్న ఒక్క మట్టి రేణువులో, 4 శాతం ఇనుము లెక్కన, 0.4 నానోగ్రాములు ఉంటుంది. కంటికి ఆనని ఆ రేణువు ఒక్కటి పడి కరిగితే ఫలితం మూడింతలవుతుంది. 1970ల మధ్య వరకు అచ్చయిన సముద్రపు లోహ విలువల్లో ఎక్కువ భాగం ఇలాంటి కాలుష్యపు లెక్కలేనని, సీసం విషయంలో క్లెయిర్ ప్యాటర్సన్ పట్టుబట్టి చేసిన పనితోనే తేలింది. కాబట్టి పరికరం మీద పెట్టే సమయం కంటే సీసాల మీద, యాసిడ్ల మీద, బ్లాంక్ (నమూనా లేకుండా అదే పద్ధతి నడిపి చేసే కొలత) మీద ఎక్కువ సమయం పెట్టండి.

ఇక్కడ చెప్పే పద్ధతి మాంగనీస్, ఇనుము, కోబాల్ట్, నికెల్, రాగి, జింకు, కాడ్మియం, సీసం, ఈ ఎనిమిదింటికి. ఆర్సెనిక్, పాదరసం, క్రోమియం దీనితో రావు, వాటి దారులు వేరు.

సీసాలు

నమూనాకు తక్కువ సాంద్రత పాలిథిలీన్ సీసాలు వాడండి. యాసిడ్లు, స్టాండర్డ్‌లు (లోహం ఎంతుందో తెలిసిన ద్రావణాలు) నిల్వ చేయడానికి పీఎఫ్ఏ టెఫ్లాన్ సీసాలు. గాజు దగ్గరికే రానివ్వకండి: సీసం, జింకు, అల్యూమినియం అన్నీ అందులోంచి ఊరతాయి.

కొత్త సీసాను ముందు 2 శాతం క్షార డిటర్జెంట్‌లో వారం నానబెట్టి, అల్ట్రాప్యూర్ నీటితో నాలుగైదు సార్లు కడగాలి. తర్వాత 6 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ తొట్టిలో పూర్తిగా మునిగేలా నెల రోజులు ఉంచాలి. మూతలు విడిగా వేయాలి, మూత మరల్లోనే మురికి దాగుతుంది. బయటకు తీసి కడిగాక లోపల 1 మోలార్ శుద్ధ యాసిడ్ నింపి ఇంకో రెండు వారాలు ఉంచండి. చివరికి బాగా పలచని యాసిడ్‌తో నింపి, రెండు జిప్ సంచుల్లో పెట్టి దాచాలి. తొందరగా కావాలంటే 60 డిగ్రీల దగ్గర యాసిడ్ వేడిచేసి నెలను రోజుల్లోకి కుదించవచ్చు. పొగ లాగే హుడ్ లేకుండా మాత్రం ఆ పని పెట్టుకోకండి.

ల్యాబ్‌లో లోహం దాక్కునే చోట్లు ఊహించని చోట్లే. పౌడర్ ఉన్న చేతి తొడుగుల్లో జింకు ఉంటుంది. నల్ల రబ్బరు ఓ-రింగుల్లోనూ జింకే. రంగు వేసిన పిపెట్ టిప్‌ల నుంచి ఇనుము, కాడ్మియం ఊరే అవకాశం ఉంది, రంగులేనివి కొని వాటినీ యాసిడ్‌లో కడిగి వాడాలి. పిపెట్ టిప్‌ను నెట్టే స్టీలు కడ్డీ యాసిడ్ ఆవిరికి తుప్పు పడుతుంది. అది తీసేయగల మోడల్ అయితే తీసేయండి. సీసా మూత తెరిచే ప్రతి పనీ సూక్ష్మ ధూళిని ఆపే హెపా ఫిల్టర్ ఉన్న ఐఎస్ఓ 5 (గాలి శుభ్రత స్థాయి) లామినార్ గాలి కింద జరగాలి. గది మొత్తాన్ని క్లీన్‌రూమ్ చేసే స్తోమత లేకపోతే ప్లాస్టిక్ తెరలు కట్టి, ఆ బెంచి ఒక్కదాన్ని కాపాడుకున్నా పని నడుస్తుంది.

నీరు పట్టడం, వడపోత, యాసిడ్

ఓడే పెద్ద లోహపు ముద్ద. ఇనుప తీగకు కట్టిన మామూలు సీసాలతో తెచ్చిన నీరు ఈ పనికి పనికిరాదు. లోపల టెఫ్లాన్ పూత ఉన్న గో-ఫ్లో వంటి సీసాలను కెవ్లార్ తాడుకు గానీ, ప్లాస్టిక్ తొడుగు ఉన్న కేబుల్‌కు గానీ కట్టి దింపాలి. చిన్న పడవ నుంచి అయితే గాలికి, ప్రవాహానికి ఎదురుగా నిలబడి, ఇంజన్ ఆపి, పొడవాటి ప్లాస్టిక్ కర్ర చివర సీసా బిగించి పట్టండి. ఇద్దరు ఉండాలి: ఒకరు బయటి సంచి, పరికరాలు ముట్టుకుంటారు. రెండోవారి చేతులు లోపలి సంచిని, సీసాను తప్ప మరి దేన్నీ తాకవు.

కరిగిన లోహాల కోసం 0.2 మైక్రోమీటర్ క్యాప్సూల్ ఫిల్టర్ వాడండి. ముందు 0.1 మోలార్ యాసిడ్‌తో, ఆపై అల్ట్రాప్యూర్ నీటితో, చివర అదే సముద్రపు నీరు కనీసం అర లీటరు పోనిచ్చి కడిగాకే సీసా నింపాలి. సీసాను నమూనాతోనే మూడుసార్లు తొలిపి పారబోయండి. వడపోతకు ముందు యాసిడ్ కలపకూడదు. కలిపితే రేణువుల మీది లోహం కరిగి నీటిలోకి వస్తుంది, ఆ తర్వాత ఎంత వడపోసినా లాభం లేదు.

వడపోసిన లీటరు నీటికి 6 మోలార్ శుద్ధ హైడ్రోక్లోరిక్ యాసిడ్ 4 మిల్లీలీటర్లు కలిపితే 0.024 మోలార్ అవుతుంది, పీహెచ్ 1.7 – 1.8 మధ్య నిలుస్తుంది. 250 మిల్లీలీటర్ల సీసాకు ఒక మిల్లీలీటరు చాలు. ఈ యాసిడ్ శుద్ధి ఎంత ముఖ్యమో లెక్క వేసి చూడండి. యాసిడ్‌లో లీటరుకు 1 మైక్రోగ్రాము ఇనుము ఉందనుకుందాం, వినడానికి శుద్ధమే. 4 మిల్లీలీటర్లతో నమూనాలోకి 4 నానోగ్రాములు వచ్చి చేరతాయి, అంటే 0.07 నానోమోల్. నమూనాలో ఉన్నదే 0.1. అందుకే లీటరుకు 10 నానోగ్రాముల లోపు ఉన్న అత్యంత శుద్ధ గ్రేడు కొనాలి, లేదా క్వార్ట్జ్ లేక టెఫ్లాన్ స్టిల్‌లో మరగనివ్వకుండా ఆవిరి పట్టి మీరే తయారు చేసుకోవాలి.

యాసిడ్ కలిపిన రోజే కొలవకండి. పట్టిన తర్వాత ఇనుము సీసా గోడలకు అంటుకుంటుంది, యాసిడ్‌లో అది మళ్లీ విడివడటానికి సమయం పడుతుంది. ఇనుముకు రెండు మూడు నెలలు ఆగడం మేలు.

రెజిన్ అవసరం లేని నీళ్లు

హార్బర్లు, నదీముఖాలు, కలుషితమైన తీరజలాల్లో మాంగనీస్, రాగి, జింకు లీటరుకు మైక్రోగ్రాముల్లో ఉంటే, నమూనాను 1 శాతం నైట్రిక్ యాసిడ్‌తో 20 రెట్లు పలుచన చేసి హీలియం మోడ్‌లో (అడ్డుపడే అయాన్లను హీలియం వాయువుతో వడకట్టే అమరిక) నేరుగా కొలవచ్చు. కరిగిన ఉప్పు 0.2 శాతం లోపు ఉండాలన్న సాధారణ హద్దు అప్పుడు నిలబడుతుంది. అక్కడ కూడా కాడ్మియం, సీసం ఈ పద్ధతికి అందవు. వాటికి కాలమ్ తప్పదు.

బఫర్

లోహాలను పట్టడానికి ఈడీటీఏ తరహా గుంపులు, ఇమినోడైఎసిటేట్ గుంపులు రెండూ ఉన్న నోబియాస్ కీలేట్-పీఏ1 రెజిన్ బాగా కుదిరింది. సోడియం, క్యాల్షియం, మెగ్నీషియం దాని మీద పెద్దగా నిలవవు. పాత ఇమినోడైఎసిటేట్ రెజిన్లు మెగ్నీషియం, క్యాల్షియంలను కూడా పట్టుకుంటాయి, ఎల్యూట్ (రెజిన్ నుంచి యాసిడ్‌తో దించిన ద్రావణం) మురికిగా వస్తుంది.

ఎనిమిది లోహాలూ కలిసి నిలిచే పీహెచ్ 6.2 దగ్గర ఉంటుంది. 6 కంటే తగ్గితే మొదట జారిపోయేది మాంగనీస్. నమూనా ఇప్పుడు 1.7 దగ్గర ఉంది కనుక బఫర్ రెండు పనులు చేయాలి: యాసిడ్‌ను తటస్థపరచాలి, పీహెచ్‌ను నిలపాలి. 40 మిల్లీలీటర్లలో కలిపిన యాసిడ్ 0.96 మిల్లీమోల్. సముద్రపు నీటి సొంత క్షారత అందులో దాదాపు 0.09 తినేస్తుంది. మిగిలిన 0.87లో ఎక్కువ భాగాన్ని అమోనియా మోయాలి, ఎందుకంటే 6.2 దగ్గర ఎసిటేట్ మోయగలిగేది చాలా కొంచెం.

100 మిల్లీలీటర్ల బఫర్‌కు: శుద్ధ గ్లేసియల్ ఎసిటిక్ యాసిడ్ 11.5 మిల్లీలీటర్లు, 28 శాతం అమోనియా ద్రావణం 19 మిల్లీలీటర్లు, మిగతాది అల్ట్రాప్యూర్ నీరు. మీ దగ్గర ఉన్నది 20 శాతం అమోనియా అయితే 26 మిల్లీలీటర్లు పడుతుంది. సగం నీటిలో ఎసిటిక్ యాసిడ్ వేసి, మంచు తొట్టిలో పెట్టి, హుడ్ కింద అమోనియాను కొంచెం కొంచెంగా కలపండి, బాగా వేడెక్కుతుంది. ఇది 2 మోలార్ ఎసిటేట్, పీహెచ్ 8.9 దగ్గర ఉంటుంది. 40 మిల్లీలీటర్ల నమూనాకు ఒక మిల్లీలీటరుతో మొదలుపెట్టండి. పారబోసే నీటితో ముందే రెండు మూడు ప్రయత్నాలు చేసి, 6.2 ఇచ్చే పరిమాణం ఖాయం చేసుకోండి. అమోనియా సీసా తెరిచే కొద్దీ బలం తగ్గుతుంది కనుక ప్రతి కొత్త బఫర్‌కూ ఈ పరీక్ష చేయాలి.

పీహెచ్ ఎలక్ట్రోడ్‌ను అసలు నమూనాలో ముంచకూడదు, దాని నింపుడు ద్రావణం కారి లోహాన్ని వదులుతుంది. కాలమ్ దాటి బయటకు వచ్చిన నీటిని పట్టి అందులో కొలవండి. బఫర్‌లో మిగిలిన లోహాన్ని తీసేయడానికి దాన్ని కూడా అదే రెజిన్ ఉన్న వేరే కాలమ్ గుండా ఒకసారి పోనివ్వండి.

ముందు యూవీ

కోబాల్ట్, రాగి సముద్రంలో సేంద్రియ పదార్థానికి గట్టిగా అతుక్కుని ఉంటాయి. నెలల తరబడి యాసిడ్‌లో ఉన్నా ఆ పట్టు కొంత మిగిలే ఉంటుంది. అలాగే కాలమ్ ఎక్కిస్తే అవి రెజిన్‌ను తాకకుండానే వెళ్లిపోతాయి, ఫలితం తక్కువగా వస్తుంది. యాసిడ్ కలిపిన నమూనాను కడిగిన క్వార్ట్జ్ గొట్టాల్లో ఒకటిన్నర గంట సేపు యూవీ దీపం కింద ఉంచితే విడివడతాయి. మీ దీపానికి ఎంతసేపు కావాలో తెలుసుకోవడానికి ఒకే నీటిని అరగంట, గంట, గంటన్నర, రెండు గంటలు ఉంచి కొలవండి. కోబాల్ట్ పెరగడం ఆగిన చోట ఇంకో అరగంట చేర్చండి. బ్లాంక్‌లూ ఆ గొట్టాల గుండానే వెళ్లాలి.

కాలమ్ మీద

1. 1 మోలార్ నైట్రిక్ యాసిడ్ 10 మిల్లీలీటర్లతో కాలమ్ కడగండి, తర్వాత అల్ట్రాప్యూర్ నీరు 5 మిల్లీలీటర్లు.
2. పీహెచ్ 6.2 దగ్గర ఉన్న 0.05 మోలార్ అమోనియం ఎసిటేట్ 3 మిల్లీలీటర్లు పోనిచ్చి రెజిన్‌ను సిద్ధం చేయండి. యాసిడ్ మిగిలి ఉంటే నమూనా తొలి మిల్లీలీటర్లలోని లోహం పోతుంది.
3. తూకం వేసిన 40 మిల్లీలీటర్ల నమూనాకు బఫర్ కలిపి వెంటనే ఎక్కించండి, నిమిషానికి 2 మిల్లీలీటర్లు. బఫర్ కలిపిన నీటిని గంటల తరబడి ఉంచితే ఇనుము గోడలకు అంటుకుంటుంది.
4. అదే 0.05 మోలార్ ఎసిటేట్ 3 – 4 మిల్లీలీటర్లతో ఉప్పు కడిగేయండి.
5. ప్రవాహ దిశ తిప్పి, 1 మోలార్ నైట్రిక్ యాసిడ్ 1 మిల్లీలీటరుతో నిదానంగా దించండి. ఆ యాసిడ్‌లో లీటరుకు 1 మైక్రోగ్రాము ఇండియం ముందే కలిపి ఉంచాలి, పరికరం సిగ్నల్ పడిపోతే అదే చూపిస్తుంది. ఎల్యూట్‌నూ తూకం వేయండి.

40 మిల్లీలీటర్లు 1 మిల్లీలీటరులోకి వచ్చాయి కనుక గాఢత 40 రెట్లు. ఇక 0.1 నానోమోల్ ఇనుము ఎల్యూట్‌లో లీటరుకు 220 నానోగ్రాముల పైన ఉంటుంది, ఏ మంచి ఐసీపీ-ఎంఎస్ అయినా చూడగలదు. సీఫాస్ట్ వంటి ఆటోమేటిక్ యంత్రాలు ఇదే పని 10 మిల్లీలీటర్లతో చేస్తాయి. బ్లాంక్ నిలకడ బాగుంటుంది గానీ, వాల్వ్‌లో చిక్కిన గాలి బుడగ ఏ హెచ్చరికా లేకుండా పరిమాణాన్ని తినేస్తుంది.

లెక్క కట్టడానికి రెండు దారులు

మాంగనీస్, కోబాల్ట్‌లకు ఒక్కో స్థిర ఐసోటోపే ఉంది, కాబట్టి స్టాండర్డ్ అడిషనే (తెలిసిన మోతాదులు కలుపుతూ సిగ్నల్ ఎంత పెరుగుతుందో చూడడమే) దిక్కు. లోహం తక్కువగా ఉన్న సముద్రపు నీటికి మాంగనీస్ 0, 0.5, 1, 2, 5 నానోమోల్, కోబాల్ట్ 0, 25, 50, 100, 200 పికోమోల్ చొప్పున కలిపి, వాటిని కూడా కాలమ్ మీదుగానే తీసుకెళ్లండి. నేరుగా ఎల్యూషన్ యాసిడ్‌లో చేసిన స్టాండర్డ్‌ల వాలుతో, గాఢత రెట్లు లెక్కలోకి తీసుకుని, పోలిస్తే రికవరీ (కాలమ్ మీద పోకుండా తిరిగొచ్చిన వాటా) తెలుస్తుంది. 95 శాతం పైన ఉండాలి. మాంగనీస్ ఒక్కటే తగ్గిందంటే పీహెచ్ చూడండి. అన్నీ తగ్గాయంటే ప్రవాహ వేగం, లేదా రెజిన్ పక్కల నుంచి నీరు జారిపోవడం.

మిగతావాటికి ఐసోటోప్ డైల్యూషన్ (ఒక ఐసోటోపు ఎక్కువగా ఉన్న అదే లోహాన్ని, అంటే స్పైక్‌ను, తెలిసిన మోతాదులో కలిపి నిష్పత్తి కొలవడం) చేయగలిగితే మరేదీ దాని ముందు నిలవదు. ఇనుముకు 57, నికెల్‌కు 62, రాగికి 65, జింకుకు 67 లేదా 68, కాడ్మియంకు 111, సీసానికి 207 స్పైక్‌లు సాధారణం. రాగితో చూద్దాం. ప్రకృతిలో 63, 65 ఐసోటోపుల నిష్పత్తి 2.24. నమూనాలో 1 నానోమోల్ రాగి ఉంటే 63 వాటా 0.69, 65 వాటా 0.31. అందులో 99 శాతం 65 ఉన్న స్పైక్ 1 నానోమోల్ కలిపితే 63 మొత్తం 0.70, 65 మొత్తం 1.30, నిష్పత్తి 0.54. నమూనాలో రాగి ఎక్కువైతే ఆ సంఖ్య 2.24 వైపు జరుగుతుంది, తక్కువైతే సున్నా వైపు. కాలమ్ మీద 20 శాతం పోయినా రెండు ఐసోటోపులూ సమంగానే పోతాయి, నిష్పత్తి కదలదు. దాని బలం అదే.

అయితే స్పైక్ నమూనాలోని లోహంతో పూర్తిగా కలిసిపోవాలి. బఫర్ కలపడానికి ముందు, యాసిడ్‌లో ఉన్నప్పుడే వేసి కనీసం ఒక రాత్రి ఉంచండి. సేంద్రియ పట్టులో ఉన్న రాగి స్పైక్‌తో కలవదు కాబట్టి ఐసోటోప్ డైల్యూషన్ ఉన్నా యూవీ తప్పదు. సీసానికి ఇంకో చిక్కుంది: దాని సహజ నిష్పత్తి చోటును బట్టి మారుతుంది. స్పైక్ లేకుండా ఒక భాగం కొలిచి ఆ నిష్పత్తి వాడాలి.

పరికరం దగ్గర

కోన్‌లు ప్లాటినంవి పెట్టండి. నికెల్ కోన్‌లతో నికెల్ కొలవబోతే కోన్‌నే కొలుస్తారు. నెబ్యులైజర్ (నమూనాను తుంపరగా మార్చే భాగం) పీఎఫ్ఏది. వెలిగించి కనీసం అరగంట వేడెక్కనిచ్చి, ప్లాస్మాలో ఆక్సైడ్లు ఎంత ఏర్పడుతున్నాయో చెప్పే సీరియం ఆక్సైడ్ నిష్పత్తి 1.5 శాతం లోపుకు ట్యూన్ చేయండి.

ఉప్పు పోయినా అడ్డంకులు పోవు. ఇనుము 56 (ఐసోటోపు ద్రవ్యరాశి సంఖ్య) మీద దాదాపు అంతే బరువున్న ఆర్గాన్ ఆక్సైడ్ కూర్చుంటుంది: మీడియం రిజల్యూషన్ 4000 ఉన్న సెక్టర్ పరికరం విడదీస్తుంది, క్వాడ్రపోల్ రకం పరికరం అయితే హైడ్రోజన్ వంటి రియాక్షన్ వాయువు కావాలి. రాగి 63 మీద ఆర్గాన్-సోడియం, నికెల్ 60 మీద క్యాల్షియం ఆక్సైడ్ పడతాయి. అందుకే ప్రతి ఎల్యూట్‌లోనూ సోడియం, క్యాల్షియం కొలిచి రాసుకోండి. ఏదో ఒక నమూనాలో సోడియం హఠాత్తుగా పెరిగితే నాలుగో మెట్టు సరిగా జరగలేదు, దాని రాగి విలువ నమ్మకండి.

అందరూ తేలిగ్గా తీసుకునేది మాలిబ్డినం. సముద్రంలో అది 105 నానోమోల్ దాకా ఉంటుంది, పైపొర కాడ్మియం 0.01 కంటే తక్కువ కూడా ఉండొచ్చు. రెజిన్ మాలిబ్డినంను కొంత పట్టుకుంటుంది. దాని ఆక్సైడ్ కాడ్మియం 110, 111, 114 మూడింటి మీదా పడుతుంది, 4000 రిజల్యూషన్ కూడా విడదీయలేదు. మాలిబ్డినం ఒక్కటే ఉన్న ద్రావణం కొలిచి, 95 సిగ్నల్‌కు 111లో ఎంత వస్తోందో నిష్పత్తి కట్టి, ప్రతి నమూనా నుంచీ తీసివేయాలి. ఆ నిష్పత్తి ఒకే రోజులో కూడా మారుతుంది కాబట్టి పరుగు మొదట, మధ్యలో, చివర మూడుసార్లు చూడండి.

తక్కువ లోహం ఉన్న నమూనాలు ముందు, ఎక్కువ ఉన్నవి తర్వాత. ఇండియం మొదటి విలువ నుంచి 20 శాతానికి మించి పడిపోతే ఆపి, కోన్‌లు తుడిచి మళ్లీ మొదలుపెట్టండి.

బ్లాంక్, రిఫరెన్స్, అనుమానం

యాసిడ్ కలిపిన అల్ట్రాప్యూర్ నీటితో చేసే బ్లాంక్ పూర్తి కథ చెప్పదు. ఒకసారి కాలమ్ దాటించి లోహం తీసేసిన సముద్రపు నీటిని మళ్లీ యాసిడ్ చేసి బ్లాంక్‌గా వాడితే ఉప్పు కూడా లెక్కలోకి వస్తుంది. దాన్ని తయారు చేసే ముందు యూవీ పెట్టండి, లేకపోతే మొదటిసారి తప్పించుకున్న రాగి, కోబాల్ట్ రెండోసారి బ్లాంక్‌లో కనపడతాయి. రోజుకు కనీసం ఐదు బ్లాంక్‌లు వేయండి. వాటి ప్రామాణిక విచలనానికి మూడింతలు మీ కొలత హద్దు. బ్లాంక్ సగటు ఎక్కువగా ఉన్నా నిలకడగా ఉంటే తీసివేయవచ్చు. ఒకటి 0.02, ఇంకోటి 0.15 వస్తుంటే తీసివేత అర్థం లేని పని, మూలం దొరికేదాకా నమూనాలు ముట్టుకోకండి.

రిఫరెన్స్ నీరు (లోహాల విలువలు ముందే ఖాయమైన నీరు) లేని ఫలితానికి విలువ లేదు. కెనడా జాతీయ పరిశోధన మండలి ఇచ్చే నాస్, కాస్ శ్రేణులు తీరజలాలు కొలిచేవారికి చాలు. నడిసముద్రపు విలువలకు సేఫ్, జియోట్రేసెస్ అనే అంతర్జాతీయ సముద్ర పరిశోధన కార్యక్రమాల నమూనాలతో పోల్చాలి: సేఫ్ ఉపరితల నీటిలో ఇనుము కిలోకు 0.093 నానోమోల్, లోతు నీరు డీ2లో 0.933. యూనిట్ చూసుకోండి, కిలోకు ఉన్నదాన్ని లీటరుకు అనుకుంటే రెండున్నర శాతం తేడా అక్కడే వస్తుంది.

చివరగా లోతుల వారీగా గీసిన గీతను చూడండి. కాడ్మియం ఫాస్ఫేట్‌తో, జింకు సిలికేట్‌తో కలిసి నడుస్తాయి. ఒక లోతులో జింకు, సీసం, ఇనుము పొడుచుకు వచ్చి, కాడ్మియం, నికెల్ మాత్రం పక్క లోతులతో సాఫీగా కలిసిపోతుంటే అది చాలావరకు కాలుష్యమే. అన్ని లోహాలూ, ఫాస్ఫేట్ కూడా కలిసి పక్కకు జరిగితే నీరు పట్టే సీసా అనుకున్న లోతులో మూసుకోలేదు. జింకు ఒక్కటే ఎగిరితే తొడుగులు, ఓ-రింగులు వెతకండి. అదే సీసాలోంచి ఇంకో 40 మిల్లీలీటర్లు తీసి మళ్లీ చేయండి: రెండోసారి విలువ దిగితే తప్పు కాలమ్ దగ్గర, దిగకపోతే సీసాలోనో, పట్టిన చోటో. సీసా నంబరు, నీరు పట్టిన గో-ఫ్లో నంబరు పక్కపక్కన రాసి ఉంచండి. ఒకే నంబరు రెండు స్టేషన్లలో ఇలా దొరికితే ఆ సీసాను వాడుకలోంచి తీసేయండి.